గోడ అవతలి చెవి

జిగోంగ్‌లో, ఉప్పు కార్ఖానా పాత క్వార్టర్లలో
ఏడో అంతస్తు. లిఫ్టు లేదు.
బస్సు డిపోలో అప్పజెప్పి
అరకిలో బీన్స్‌తో మెట్లెక్కాను.
డ్రైవరు సీటు వేడి ఇంకా నడుంలోనే ఉంది.

వంటంటే నాకు
నూడుల్స్ మీద వేణ్ణీళ్ళు పోయడం, అంతే.
కానీ మధ్యాహ్నం ఫాన్ దెహోంగ్ డబ్బా మూత తీసి
ముడతలు పడ్డ బీన్స్ కాయ ఒక్కటి నా గిన్నెలో వేశాడు.
ముందు కర్రుమంది. తర్వాత కారం.
ఆ తర్వాత నాలుక ఎక్కడుందో తెలియలేదు.
సాయంత్రం ట్రిప్పులన్నీ
ఆ ఒక్క కాయతోనే నడిపాను.

ఈనెలు తీశాను.
కొన్నిటికి దారం సగంలో తెగింది,
స్టాపు దాటిపోయిన ప్రయాణికుల్లా
వాటిని వదిలేశాను.
వేలెడేసి ముక్కలు విరిచాను. విరిచినప్పుడల్లా
ఎవరో పక్కన కూర్చుని
మెటికలు విరుస్తున్నట్టు చప్పుడు.

కడిగాను. కడిగినవి కడిగినట్టే
కాగిన నూనెలో గుమ్మరించాను.

మూకుడు నా మీద తిరగబడింది.
చిటపటా, ఫట్ ఫట్, మోచేతి దాకా చుక్కలు,
మూతని డాలులా పట్టుకుని
తలుపు దాకా వెనక్కి నడిచాను.

"తడి!"

అన్నది పొగగూడు.
గూడు రెండిళ్ళకీ ఒకటే. అటువైపు జువాంగ్ అవ్వ.
మూడేళ్ళ కిందట నా కుళాయి కారి
ఆవిడ గోడ మీద పెద్ద మరక గీసింది.
అప్పట్నుంచీ మెట్ల మీద ఎదురైతే
ఆవిడ కమ్మీ చూసుకుంటుంది,
నేను నా చెప్పులు చూసుకుంటాను.

"నీళ్ళు కారుతుండగా నూనెలో వేస్తారా ఎవరైనా?
దించు. గుడ్డతో తుడువు.
ఒక్కొక్కటీ తుడువు."

తుడిచాను.
అరకిలో కాయలంటే ఎన్నో నాకా రాత్రి తెలిసింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు
ఉప్పునీళ్ళు కాచే బానల దగ్గర పని చేసిందట,
ఉడుకు విని, ఎంత నీరు మిగిలిందో చెప్పేదట.
డిపోలో ఎవరో అంటే నవ్వాను.

రెండో వాయి.
ఈసారి మూకుడు అరవలేదు.
"సణుగుతోంది కదా? సణగనీ. గరిటె ఆడించు."
ఆడించాను.
"ఇప్పుడు దించావో, కడుపులో కత్తే.
పచ్చి బీన్స్‌తో పరాచికాలొద్దు."
చెయ్యి లాగింది. చెమట కళ్ళలోకి దిగింది.
నున్నటి బుగ్గలు మెల్లగా లోపలికి పోయి
కాయల ఒంటి మీద ముడతలు, గోధుమరంగు మచ్చలు.
"పులి తోలు వచ్చిందా?"
"వచ్చిందవ్వా."

మూడేళ్ళలో నేను ఆవిడతో అన్న మొదటి మాట అది.

నూనె వంచేశాను. కొంచెం పంది కీమా,
ఊరబెట్టిన ఆవాకు గుప్పెడు, వెల్లుల్లి,
నాలుకని మొద్దుబార్చే మిరియాలు,
ఎండుమిరపకాయలు మాత్రం లెక్కపెట్టలేదు.
లెక్కపెట్టాల్సింది.
ఘాటు గూడెక్కి అటు దిగింది.
ఒకే మిరపకాయకి
ఇటు నేను, అటు ఆవిడ,
ఒకరి దగ్గుకి ఒకరం వంతపాడినట్టు దగ్గాం.

పళ్ళెం పట్టుకుని వెళ్ళి తలుపు తట్టాను.
గొలుసు తియ్యకుండా, పళ్ళెం ఏటవాలుగా పట్టేంత
సందు తెరిచింది.
ఆ సందులోంచే కనబడింది గోడ.
మరక మీద క్యాలెండరు వేలాడదీసింది,
మరక క్యాలెండరు కంటే పెద్దది.
నేనేదో అనబోయాను.
తలుపు మూసుకుంది.

నిలబడే తిన్నాను, మూకుట్లోంచే.
నమలడం ఆపినప్పుడు
గూట్లోంచి సన్నగా వినబడింది
కరకర.
కాసేపు ఆగి, మళ్ళీ కరకర.

తెల్లారి అయిదింటికి నా గుమ్మంలో పళ్ళెం,
తళతళ కడిగి, తుడిచి, చుక్క తడి లేకుండా.
దాని నడుమ ఒకే ఒక్క కాయ.
నున్నగా, ముడత లేకుండా,
పక్కన ఈనె దారం వేలాడుతూ.

దాన్ని స్టీరింగు ముందు, అద్దం కింద పెట్టుకుని
మొదటి ట్రిప్పు తీశాను.
ముందు సీట్లో బడిపిల్లాడు అడిగాడు, అదేంటని.

"నిన్నటి పరీక్షలో
పోయిన ఒక్క మార్కు" అన్నాను.