మూడు భోజనాలు

సారెమా దీవిలో మంచు కరిగాక వచ్చే మొదటి ఆదివారం
హెల్వె తెల్లటి ఫ్లానెల్ దుప్పటిని
జూనిపర్ పొదల పక్కన గడ్డి మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఫెర్రీలో టిక్కెట్లు చించిన చేతులు.
ఎక్కేవాళ్ళని లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు.

పది అడుగులకోసారి ఆగి, దుప్పటి తిరగేసి చూస్తుంది.
ఇవాళ పదకొండు.
పదకొండుమందీ టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్ళే.

కిందటి సెప్టెంబరులో టుక్స్ ఎర్రగా మూత్రం పోశాడు.
బీట్‌రూట్ తొక్కలు తిన్నాడేమో అనుకుంది.
మూడో రోజు పిలిస్తే తోక మాత్రం కదిపాడు.
నాలుగో రోజు అదీ లేదు.

ఆమెకి అప్పటికి తెలిసిన పిడుదు ఒక్కటే:
చెవి వెనక బలిసి, బూడిదరంగులో నిగనిగలాడేది.
వేలికి తగిలితే పీకి పొయ్యిలో వేసేది.
అది కథకి ఆఖరి పేజీ అని
పశువుల డాక్టరు ఉర్మొ చెప్పేదాకా తెలీదు.

"లాటిన్‌లో పిడుదుకీ ఆముదపు గింజకీ ఒకటే పేరు," అన్నాడాయన.
హెల్వె ఆముదపు గింజని ఎన్నడూ చూడలేదు.
మందుల చీటీ వెనక గీసి చూపించాడు,
పక్కనే మిగతా కథంతా.

కుళ్ళిన ఆకుల కింద రెండువేల గుడ్లు,
పెట్టిన తల్లి అక్కడే ఎండి పొట్టయి.
ఇసుకరేణువంత పిల్ల, ఆరే కాళ్ళు.
ఎలుక ఒంటి మీద దానికొక భోజనం.
రాలిపడి, చలికాలమంతా మంచు కింద పస్తు.
కుబుసం విడిస్తే ఎనిమిది కాళ్ళు, గసగసం గింజంత ఒళ్ళు.
పిట్టో, ఉడుతో, ఏది దొరికితే అది. మళ్ళీ రాలడం.
మళ్ళీ ఇంకో ఏడాది.
ఆ తర్వాత దుప్పి. లేదా టుక్స్.
"అంతే. బతుకు మొత్తానికి మూడు భోజనాలు."

ఆ రాత్రి రై రొట్టె కోసుకుంటూ
తను తిన్నవి లెక్కపెట్టబోయి, మానేసింది.

కళ్ళు లేవట దానికి.
గడ్డిపరక కొసకెక్కి, ముందుకాళ్ళు రెండూ చాపి,
ఎవరి ఊపిరైనా ఇటు వస్తుందేమోనని నిలబడుతుందట.
ఒళ్ళు ఎండితే దిగి, తడి ఆకుల్లో తేమ తాగి, మళ్ళీ ఎక్కుతుందట.
ఆఖరి పడవ కదిలాక
రేవులో చెయ్యెత్తి నిలబడిపోయినవాళ్ళు
ఆమెకి కొత్తేం కాదు.

జాలిలాంటిదేదో వచ్చింది.
వస్తే వచ్చింది,
పదకొండుమందినీ స్పిరిట్ సీసాలో వేసి మూత బిగించింది.

రాతిగోడ పొడవునా ఆకులు ఊడ్చేసింది.
ఎలుకలు కాపురమున్న కట్టెల మోపుని
ఇంటికి దూరంగా, ఎండలోకి మార్చింది.
పెద్దది ఒకటి గుడ్లు పెట్టకముందే పోతే
పోయేది ఒకటి కాదు, రెండువేలు.
ఈ లెక్క ఆమెకి నచ్చింది.

కొత్త కుక్కపిల్ల క్రిబుకి నెలకో మాత్ర,
కాలేయం ముద్దలో పెడితే మాత్రం ఒదిలేసి ముద్ద తింటుంది.
రెండోసారి నోరు పట్టుకోవాల్సిందే.

సాయంత్రం దీపం కింద క్రిబుని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి
చెవుల లోపల, చంకల్లో, పట్టీ కింద, వేళ్ళ సందుల్లో వెతికింది.
ఒకటి దొరికింది.
చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా, నిదానంగా లాగింది.
నోటుపుస్తకంలో తేదీ రాసి, కింద గీత గీసింది.

దీపం ఆర్పి, చలికి కాళ్ళు ముడుచుకుని పడుకుంది.
మోకాలి వెనక, ఎవరూ చూడని మడతలో,
గసగసం గింజొకటి
రెండో భోజనానికి కూర్చుంది.