ముప్పై ఆరో ఫ్రేము

ట్రిప్లికేన్ సందులో వాన.
ఏకాంబరం ల్యాబులో, ఎర్ర బల్బు కింద
ఆ దేశం ట్రేలో తేలుతోంది.

విగ్రహాలు. ఊడ్చిన వీధులు. వరసల్లో పిల్లలు.
తియ్యమన్నవే తీశాను.
వద్దన్నచోట లెన్సుకి మూత పెట్టాను,
వినయంగా.

చివరి ఫ్రేములో మాత్రం
వేదిక మీద నాయకుడి ప్రసంగం,
ఈ పక్కన బస్సు అద్దంలో మా గైడు,
కోటుకి బ్యాడ్జీ,
నోరంతా తెరిచి
ఆవలిస్తున్నాడు.

"ఇది పెద్ద సైజు వేద్దామా సార్?"

గోడలకి చెవులు, సరే.
ఫొటోలకి కాళ్లుంటాయి.
కత్తెర అడిగాను.

సరిహద్దులో నా సంచి మూడుసార్లు వెదికినవాడికి
దొరకని ఆవలింత
ఇక్కడ, కాఫీ చల్లారేలోపు
నా చేతుల్లోనే నాలుగు ముక్కలైంది.

ఏకాంబరం ఏమీ అనలేదు.
ముప్పై అయిదింటికే
డబ్బు తీసుకున్నాడు.