ఏడో నిబంధన

ముప్పై రెండు పేర్లు రాసుకున్నాను,
వచ్చింది పందొమ్మిదిమంది.
మొదటి రౌండులో పదముగ్గురు గాలితో ఆడి గెలిచారు.

ఎల్ ఆల్తోలో ఆదివారం పూట
పెళ్ళిళ్ళ హాలు చవకగానే ఇస్తారు.
ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి, అంతే,
రాత్రికి ఎవరిదో పాతికేళ్ళ పెళ్ళిరోజు.
గాజుదీపాల గుత్తి కింద నాలుగు టీవీలు పెట్టాం.
ఒకదానికి ఆకుపచ్చ రాదు;
దాని ముందు ఎవరు కూచోవాలో చీట్లు వేశాం.
తలా ఇరవై చొప్పున మూడువందల ఎనభై బొలివియానోలు
బిస్కెట్ల డబ్బాలో గలగలమంటున్నాయి.
చలికి బొటనవేళ్ళు కొంకర్లు పోకుండా
నియెవెస్ కోకా ఆకుల టీ పోస్తూనే ఉంది.
ఒక పిల్ల తన కంట్రోలర్‌ని
అమ్మమ్మ చారల దుప్పట్లో చుట్టి తెచ్చింది,
పసిబిడ్డని విప్పినట్టు విప్పింది.

నిబంధనలు ముందురోజు రాత్రి రెండింటికి రాశాను.
మొత్తం పన్నెండు. ఏడోది రాసేటప్పుడు
ఓడిపోతుంటే వైరు పీకేసే మా తమ్ముడు గుర్తొచ్చాడు.
ఆట మధ్యలో కంట్రోలర్ ఆగితే
ఆ రౌండు పోయినట్టే.
కింద రెండు గీతలు కూడా గీశాను.

లింబర్ట్ తార్కి మినీబస్సు తలుపు దగ్గర వేలాడుతూ
సేహా సేహా సేహా అని అరిచే కుర్రాడు.
వారమంతా అరిచి అరిచి గొంతు బొంగురు.
సెమీఫైనల్లో, చివరి రౌండులో,
ఇంకొక్క దెబ్బ కొడితే చాలు,
తెర మీద అతని మనిషి కొయ్యలా నిలబడిపోయాడు.

హాలంతా నా వైపు తిరిగింది.
అతను మాత్రం నేల వైపు చూశాడు.
సిగ్గనుకున్నాను.
గడియారం అయిదుంపావు. మెట్ల మీద
బాజావాళ్ళు బాకాలు దించుతున్నారు.
కాగితం ఎత్తి పట్టుకుని ఏడోది చదివాను, గట్టిగా,
బడిలో చదివి వినిపించినట్టు.
అతను లేచి, కుర్చీ సర్ది,
ఎదుటివాడికి చెయ్యిచ్చి వెళ్ళిపోయాడు.

ఫైనల్ ఎవరు గెలిచారో అడక్కండి.
బాజా మొదలైంది, చప్పట్లు ఎవరికో తెలీలేదు,
డబ్బా ఒకరి చేతిలో పెట్టి ఫోటో తీశాను.

తీగలు చుడుతుంటే కనబడింది:
నా బల్లకీ ఆ టీవీకీ మధ్య
నేను అతికించడం మరిచిన జానెడు వైరు,
ప్లగ్గు సగం ఊడి,
దాని మీద సుద్దపొడి, చెప్పు అచ్చు.
పటం గీసిన సుద్ద నా దగ్గరే ఉంది.
ఆ రోజంతా చెప్పులు మార్చలేదు.

అతని నంబరు నా జాబితాలో ఉంది, పదకొండో పేరు.
"తప్పు నీది కాదు, వైరు ఊడింది" అని రాశాను,
ఎవరి కాలికి తగిలి ఊడిందో రాయకుండా.

మర్నాడు, బస్సు రెండు స్టాపుల మధ్య ఆగినప్పుడు కాబోలు,
జవాబొచ్చింది:
"తెలుసు టీచర్. చూశాను."