పై ఎత్తు

కుతైసిలో మా భవనం లిఫ్టు కదలాలంటే
ఇరవై తెత్రీల నాణెం వెయ్యాలి.
చలికాలం మొదట్లో ఒకరోజు
అది నాణెం మింగి
కదలనని భీష్మించుకుంది.

తొమ్మిదో అంతస్తులో తెంగిజ్, తుంటి విరిగి.
రెండో అంతస్తులో నేను, మోకాళ్ళు అరిగి.
మధ్యలో నూట పన్నెండు మెట్లు.
అన్నీ నా కాళ్ళు లెక్కపెట్టినవే, ఒకప్పుడు.

బ్రష్షుల ఫ్యాక్టరీలో ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని
పందివెంట్రుకలు కుచ్చులు కట్టేవాళ్ళం.
భోజనం గంట మోగితే చదరంగం పెట్టె తెరిచేవాళ్ళం.
నల్ల గళ్ళు గోటిమందం ఎత్తుగా,
ప్రతి గడి నడుమా ఒక చిల్లు,
నల్ల పావుల నెత్తిన గుండుసూది తల.
తడమడానికి ఎన్నిసార్లైనా తడుముకో,
చిల్లులోంచి పీకావో, ఆడి తీరాలి.
ముప్పై ఒక్క ఏళ్ళు తెంగిజ్ చట్టం అదే.
జున్నురొట్టెలో సగం లంచమిస్తే
రొట్టె తినేవాడు,
ఎత్తు మాత్రం వెనక్కి ఇచ్చేవాడు కాదు.

మా గళ్ళ వరసలకి మనుషుల పేర్లు:
ఆనా, బెల్లా, సీజర్, డేవిడ్,
ఎవా, ఫెలిక్స్, గుస్తావ్, హెక్టర్.
ఏ దేశంలో చూపులేని ఆటగాడితో కూచున్నా ఇవే పేర్లట.
నాకైతే ఎనిమిది వాటాల ఇరుగుపొరుగు.
"ఎవా నాలుగు" అని తెంగిజ్ అంటే
ఎవా ఇంట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు
నాకు వినిపించేది.

మొన్న మా మేనకోడలి కొడుకు వాఖో
నా చేతిలో ఫోను పెట్టి
"అరవై నాలుగు గళ్ళూ ఇందులోనే" అన్నాడు.
తడిమాను. అరిగిన సబ్బుబిళ్ళ.
చిల్లు లేదు, గట్టు లేదు, గుండుసూది లేదు.
వేలు ఆనిన చోటల్లా
జలుబు చేసిన గొంతు ఒకటి:
"ఖాళీ. ఖాళీ. ఎఫ్ మూడు, ఖాళీ."
ఫెలిక్స్ ఏమయ్యాడే నీ ఇల్లు బంగారంగానూ,
ఒట్టి అక్షరం మిగిల్చావు!

కుడికి తోస్తే పక్క గడి.
రెండుసార్లు తడితే పావు చేతికొచ్చినట్టు.
మళ్ళీ రెండుసార్లు తడితే దింపినట్టు.
వాఖో ఇలా చెప్పి బస్సుకి పోయాడు.
ఆ రాత్రి నా గుర్రం
రెండుసార్లు వాతావరణ సూచనలోకి దూకింది.
ఒకసారి పళ్ళ డాక్టరుకి ఫోను కలిసింది.
మూడో రోజు ఆ గొంతు "తాబేలు, సి ఒకటి" అంది.
మా భాషలో శకటు పేరు తాబేలే.
అప్పుడు దాన్ని కొంచెం క్షమించాను.
మన ఊరి పిల్లే అనిపించింది.

ఒళ్ళో చెక్కబల్ల, దిండు మీద ఫోను.
అది చెప్పింది ఇక్కడ గుచ్చుతాను,
ఇక్కడ తోచింది అక్కడ తడతాను.
పైనించి తెంగిజ్ ఎత్తులు వస్తాయి,
కానీ దగ్గు రాదు, పొగాకు వాసన రాదు,
బంటు దింపేముందు మూలిగే ఆ మూలుగు రాదు.
నా ఎత్తూ అతని ఎత్తూ
అదే జలుబు గొంతు చదువుతుంది.
అవతల అతనేనా?
ఆడలేక ఏ మనవడి చేతికో ఇచ్చి పడుకున్నాడా?
అడగడానికి నోరు రాలేదు.

పదహారో ఎత్తులో వేలు జారింది.
మంత్రిని తీసుకెళ్ళి
అతని బంటు ముందు దింపేశాను.
పొయ్యి మీద బీన్స్ మాడుతున్నా లేవకుండా
తెర అంతా గాలించాను.
ఒక మూల దొరికింది: "ఎత్తు వెనక్కి కోరండి."
కోరాను.
నిమిషం. రెండు నిమిషాలు.
పక్కింటివాళ్ళ కుళాయి, రియోని మీంచి గాలి.

"తిరస్కరించారు."

పగలబడి నవ్వాను.
ఒంటరిగా, మాడు వాసనలో,
బల్ల మీది పావులు చిల్లుల్లో గలగలలాడేలా నవ్వాను.
అతనే! మరెవరూ కాదు,
రొట్టె తిని బదులివ్వని ఆ ముసలి మొండిఘటమే!

సరే, తీసుకో మంత్రిని.
నాకింకా రెండు తాబేళ్ళున్నాయి,
బెల్లా ఇంటి వెనక దారి తెలుసు.
ఎత్తుకు పై ఎత్తు అని నువ్వే అనేవాడివి.
పైన ఉన్నావు కదా అని మురిసిపోకు.
కోటు జేబులో ఇరవై తెత్రీలు వేరేగా పెట్టాను.
లిఫ్టు బాగవనీ,
వచ్చి చెప్తా నీ సంగతి.