కెటిల్‌లో మిగిలిన నీళ్ళు

నారిచ్‌లో, మ్యూజియం నేలమాళిగలో
ఒకే బల్ల మీద రెండు కంచు పాత్రలు.

ఒకటి సింహం.
పళ్ళ సందున సన్నని గొట్టం,
తోక తిరిగి వీపెక్కి పిడి అయింది.
ఏదో మఠంలో, ప్రార్థనకు ముందు
గురువుగారి వేళ్ళ మీద నీళ్ళు కక్కేదట.

రెండోది ఖురాసాన్‌ది.
మా ఊళ్ళో అయితే కొమ్ముచెంబు అనేస్తారు.
మెడ చుట్టూ వెండితీగ పొదిగిన అక్షరాలు:
దీని యజమానికి శుభం.
యజమాని ఎవరో మాత్రం రాయలేదు.
బొటనవేలు ఆనే చోట
శుభం సగం అరిగిపోయింది.

ఇప్పుడు వీటికి తడే శత్రువు.
గాలిలో తేమ కాస్త పెరిగితే చాలు
కంచుకి పచ్చకురుపులు లేస్తాయి.
అందుకే తేమ పీల్చే గుళికల సంచులు
పక్కనే సర్దుతుంటాను, నీలం తొడుగుల చేతులతో.
నీళ్ళు పొయ్యడానికే పుట్టినవాటికి
దాహాన్ని కాపలా పెట్టడం నా ఉద్యోగం.

సింహం కడుపులోకి కెమెరా దింపితే
లోపల తెల్లటి చార, గోరు మందాన.
"సుద్దనీళ్ళు," అన్నాడు సిరిల్ లార్టర్,
"మన కెటిల్‌లో ఉన్నదే."

ఫిబ్రవరిలో ఒకరోజు గొట్టం గడ్డకట్టి పగిలింది.
కుళాయిలన్నీ ఒకసారి బుసకొట్టి ఊరుకున్నాయి.
రోజూ కాలెత్తి సింకులో పెట్టి తిప్పలు పడే తహ్మీనా
చొక్కా చేతులు మడిచి
ఎండిన కుళాయి ముందు నిలబడింది.
"మట్టితో అయినా వజూ చెల్లుతుందిలే," అంది.

కెటిల్ ఎత్తాను. పొద్దున నింపింది, చల్లారిపోయింది.
గభాల్న వంచితే సగం నేలపాలు.

"అలా కాదు," అని సిరిల్,
చర్చిలో నలభై ఏళ్ళు ఫాదరు చేతులకి నీళ్ళు వంచినవాడు,
నా మణికట్టు పట్టి కిందికి దించాడు.
"నాలుగు వేళ్ళ ఎత్తు. ధార తెగకూడదు.
మొహం చూడకు. చేతులే చూడు."

అరచేతులు, నోరు, ముక్కు,
మొహం, మోచేతులు,
తల మీదుగా ఒక్క తడి స్పర్శ.
మా వైపు చెయ్యి తడిపితే లంచం,
చేతులు కడిగేసుకుంటే తెగతెంపులు.
దీన్నేమంటారో
ఎంత వెతికినా మాట తట్టలేదు.

పాదాల దగ్గరికొచ్చేసరికి
ధారలోంచి చిన్న తెల్లటి పెచ్చు జారి
ఆమె మడమ మీద ఆగింది.
తుడుచుకుని, నవ్వి, పైగదికెళ్ళింది.

సిరిల్ మైనం అంటిన తన చేతులూ చాచాడు.
అడుగున గుక్కెడుంది. వంచాను.
ఆ పూట మాకు టీ లేదు.

బల్ల మీద తేమ ముల్లు
ఒక గీత పైకి జరిగింది.
పుస్తకంలో, కారణం అన్న గడిలో
'గొట్టం పగిలింది' అని రాశాను.
అబద్ధమేం కాదు.