తోడు

ఎర్ర కుక్కకి కాళియా అని పేరెట్టింది
పక్కవీధి గుంట, రస్మిత.
దానికప్పుడు రంగులు రావు.
పేరు మాత్రం నిలిచిపోయింది.

పర్లాకిమిడి బస్టాండు గేటు పక్క
నాది ఇడ్లీ బండి.
రాత్రి రుబ్బి మూతెట్టిన పిండి
తెల్లారేసరికి మూత తోసుకుని చూస్తుంది.
ఇరవై రెండేళ్లుగా
నా బతుకు ఆ పొంగు మీదే.

పిడుదులు కుట్టి జ్వరమొచ్చింది కాళియాకి.
మూడు వారాలకి మాత్రలిచ్చారు.
రెండో వారానికి జ్వరం దిగింది,
కడుపు జారింది.
గోనెసంచి మార్చిందే మార్చడం
ఇసక పోసిందే పొయ్యడం.
తౌడమ్మ దానిమ్మ తొక్క నూరి తెచ్చింది.
ఆటో నడిపే బిసాయి
"పఖాళొ నీళ్లు పట్టు,
మనిషికి పనిచేసింది కుక్కకి చెయ్యదా" అన్నాడు.
కాళియా గిన్నె వాసన చూసి
నాకేసి చూసి
మళ్లీ పడుకున్నాడు.

పశువులాసుపత్రిలో గమాంగో డాక్టరమ్మ,
సగం ఒడియా, సగం తెలుగు:
"మాత్ర జబ్బు పురుగునీ చంపుద్ది,
కడుపులో కాపురమున్నోళ్లనీ చంపుద్ది.
ఇల్లు ఖాళీ అయింది మా.
ఖాళీ ఇంట్లో ఎవరు దూరతారో ఏటి తెలుసు?"
అని ఒక పొట్లం చేతిలో పెట్టింది.
అగ్గిపెట్టె కంటే తేలిక.
"ఇందులో కోట్ల మంది. బతికే ఉన్నారు" అంది.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.
ఉప్పు చప్పుడు.

నీరసంగా ఉన్నాడని, ప్రేమ కొద్దీ,
పొగలు కక్కే గంజిలో కలిపేశాను.
మర్నాడు ఫోన్లో ఆ మాట చెప్తే
అటుపక్క కాసేపు మాట లేదు.
"వండేశావు కదమ్మా వాళ్లని."

ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు
ఆవిరి మొహానికి కొట్టి, అప్పుడు తట్టింది:
రాత్రంతా పిండిని లేపినోళ్లని
రోజూ పొద్దున్న ఐదింటికి
ఈ చేత్తోనే ఉడకబెడుతున్నాను.
వాళ్లెవరని ఏనాడూ అడగలేదు.
పిండి పులిసింది అంటాం,
ఎవరు పులిపారో అనం.

"అయితే నా పిండే పెడతాను,
పెరుగే పెడతాను, ఇంత డబ్బెందుకు" అన్నాను.
"పిండి అసలే వద్దు, పొట్టలో కూడా పొంగుద్ది.
పెరుగు ఓ చెంచా తప్పులేదు.
కానీ నీ కుండలో ఎవరున్నారో, ఎందరున్నారో
నీకూ తెలీదు, నాకూ తెలీదు.
పొట్లం మీద పేరుంది, లెక్కుంది, గడువుంది.
ఎండలో పెట్టకు.
మాత్రకీ దీనికీ రెండు గంటలు ఎడం."

ఇక్కడ దొరక్క
మహేంద్రతనయ దాటి పాతపట్నం పోయాను.
మందులషాపు కుర్రాడు మనుషులది తీసిచ్చాడు.
"కుక్కకి బాబూ" అంటే
కింది అరలో వెతికాడు.
టిఫిన్ డబ్బాలో చల్లగా సర్ది
ఒళ్లో పెట్టుకుని బిసాయి ఆటోలో వెనక్కొస్తుంటే
వంతెన మీద రాష్ట్రం మారింది.
డబ్బాలో ఎవరూ కదల్లేదు.

మా అమ్మ పాలు కాచి దించి
చిటికెన వేలు ముంచి చూసేది.
"వేలు ఓర్చుకుంటే తోడు ఓర్చుకుంటుంది."
ఆ మాట ఇన్నాళ్లూ
పెరుగు గురించే అనుకున్నాను.

ఐదో రోజు, బండి తియ్యకముందే,
రైసుమిల్లు గోడ వెనక
కాళియా నడుం వంచి కూర్చుని లేచాడు.
పోయి చూశాను.
గట్టిగా, ముచ్చటగా!
"తౌడమ్మా, రా, చూద్దువుగాని!"
పెళ్లివారొచ్చినట్టు కేకేశాను.
ఆవిడ నోట్లో వేపపుల్లతోనే వచ్చి
వంగి చూసి
"దానిమ్మ తొక్కే" అంది.

డాక్టరమ్మనడిగితే నవ్వింది.
"పొట్లం కావచ్చు.
ఆగితే తగ్గేదే కావచ్చు.
నేనైతే ఒట్టు వెయ్యను."

ఇంకా రెండు పొట్లాలున్నాయి.
కాళియా గిన్నె దగ్గరే కూర్చుని
తోకతో నేల ఊడుస్తున్నాడు.
గంజిలో వేలు పెట్టాను.
కాస్త ఆగాలి.