దానయ్య దగ్గు

ఫిషింగ్ హార్బర్ వెనక ఐసు ఫ్యాక్టరీలో
కంప్రెసర్ ఒంటికి స్క్రూడ్రైవర్ మొన ఆనించి
పిడి చెవిలో పెట్టుకుంటాడు అర్జిల్లి దానయ్య.
ముప్పై రెండేళ్లుగా అదే అతని స్టెతస్కోపు.
"బేరింగు గునుస్తంది. సుక్కురారం దాకా ఆగదు" అంటాడు.
గురువారం రాత్రే ఆగిపోతుంది.

కుడి చెవి ఎప్పుడో పోయింది.
ఎడమది కూడా పోయేలోగా
ఆ వినికిడిని ఒక చిప్పులోకి దించమని
ఓనరు నన్ను పిలిచాడు.

గోరంత చిప్పు.
రెండొందల యాభై ఆరు కిలోబైట్ల జాగా,
పెళ్లి ఫోటో ఒక్కటి కూడా పట్టదు అందులో.
మూడు నెలలు మైకు పెట్టి విన్నాను.
మంచి రోజుల చప్పుడు ఒక సంచిలో,
చెడ్డ రోజుల చప్పుడు ఇంకో సంచిలో.
పండుగప్ప పొలుసు గీకినట్టు
దశాంశాలన్నీ గీకేశాను,
ముళ్లూ తోకా తీసేశాను
జాగాలో ఇమిడేదాకా.
షిప్పు హారన్ని మరిచిపొమ్మన్నాను,
ఐసు గడ్డలు జారే బల్ల చప్పుడునీ,
వేలంపాట దగ్గర కేకలేసే ఆడవాళ్ల గొంతుల్నీ.
అన్నీ మరిచిపోయింది. బుద్ధిమంతురాలు.

మొదటి రోజు బానే ఉంది.
రెండో రోజు
కంప్రెసర్ నున్నగా తిరుగుతుంటే
ఎర్ర దీపం వెలిగింది.
ఆపి, విప్పి చూస్తే ఏమీ లేదు.
ఓనరు నా వైపు చూసిన చూపు
అమ్మోనియా కన్నా ఘాటు.

మూడోసారి వెలిగినప్పుడు గమనించాను:
దానయ్య చుట్ట ఆర్పి లోపలికొచ్చాడు,
గోడకి చెయ్యానించి దగ్గాడు.

అవును మరి,
మిషను జబ్బుపడ్డ ప్రతి రాత్రీ
పక్కన నిలబడింది ఎవరు?
చెడ్డ రోజుల సంచి నిండా
బేరింగుతో పాటు అతని ఊపిరితిత్తులు.
నా చిట్టి శిష్యురాలు
రెండిట్లో తేలికైన పాఠం నేర్చుకుంది.

చెబితే దానయ్య కడుపుబ్బ నవ్వాడు,
నవ్వు దగ్గులోకి తిరిగింది,
దీపం మళ్లీ.
"ఏటే గుంటా, నానేటి బేరింగునా?
ఇదేదో మా యావిడ కంటే బాగా కాపలా కాస్తంది."

రెండు వారాలు కూచుని
నాలుగొందల పదకొండు దగ్గుల్ని
హెడ్‌ఫోన్లలో విని, ఒక్కొక్కటీ కత్తిరించాను.
పొడి దగ్గు, తడి దగ్గు,
ఎవరో చూస్తున్నారని మింగేసిన దగ్గు.
ఒక మనిషిని అంత దగ్గరగా
నేనెప్పుడూ వినలేదు.
ఇంట్లోవాళ్లని కూడా.

కొత్త బోర్డు ఇప్పుడు సరిగ్గా పని చేస్తోంది.
దానయ్య ఎంత దగ్గినా పట్టించుకోదు.
దాన్ని అలా తయారు చేసింది నేనే,
జీతం తీసుకుని.

పాత బోర్డుని
ఫోన్ ఛార్జరుకి తగిలించి
మా కిటికీలో పెట్టాను, ఊరికే.
మాది వన్‌టౌన్, పోర్టు గోడకి నాలుగు వీధులు.
పొద్దున్న తుడిచిన కిటికీ రెక్క మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.
తెల్లారగట్ల నేను దగ్గితే వెలిగింది.
ఎదురు మేడ మీద కాసులమ్మ గారి మనవడు దగ్గితే వెలిగింది.
కింద పాలబ్బాయి సైకిలు దిగి, స్టాండు వేసి,
మెట్టు మీద కూలబడి దగ్గాడు.
దీపం ఆరడానికి చాలాసేపు పట్టింది.

తప్పు కూతల్ని లెక్క రాయడం నా ఉద్యోగం.
తారీఖు, టైము, కారణం.
నోట్‌బుక్కు తీశాను.
కారణం దగ్గర పెన్ను ఆగింది.
చెడ్డ రోజు చప్పుడు
ఎలా ఉంటుందని నేర్పాను దానికి?

సోమవారం దానయ్యని కేజీహెచ్‌కి తీసుకెళ్తున్నాను.
రానన్నాడు. తర్వాత వస్తానన్నాడు, ఒక షరతు మీద:
"స్క్రూడ్రైవరు ఎంట తెచ్చుకుంటానే గుంటా.
ఆ డాట్రు సరిగ్గా ఇంటాడో, ఇనడో."